పొగ లేని పురపాలక సంఘం

కర్బన చట్టం వచ్చిందని విని గుండ్లమడుగులో మనస్ఫూర్తిగా సంతోషించినవారు వాసుదేవయ్య గారొక్కరే. తక్కినవాళ్ళు అదేదో కొత్త పన్ను అనుకుని ఊరుకున్నారు.

ఆయన ప్రభుత్వ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. సున్నపు వీధిలో ఒంటరిగా ఉంటారు. ఊరికి పడమటి దిక్కున సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. గాలి అటునుంచి వీచిన రోజున దండెం మీది పంచె, పెరట్లో గన్నేరు చెట్టు, అరుగు మీద పడుకున్న కుక్క, అన్నీ ఒకే రంగుకు వస్తాయి. భార్య హైమావతి ఆఖరి రెండేళ్ళూ దగ్గుతూనే గడిపింది. డాక్టరు అదేమిటో చెప్పకుండా "వాతావరణం పడలేదండీ" అన్నాడు. పుట్టి పెరిగిన ఊరి వాతావరణం ఆమెకు ఎందుకు పడకుండా పోయిందని అడుగుతూ వాసుదేవయ్య గారు చాలా అర్జీలు పెట్టారు. అన్నీ పరిశీలనలో ఉన్నాయి.

ఇప్పుడు ఏకంగా చట్టమే వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన పరిధిలో వెలువడే కర్బనాన్ని మూడు నెలలకోసారి సగానికి తగ్గించి తీరాలి. తగ్గించకపోతే పాలకవర్గం అధ్యక్షులకు జైలు, కమిషనరుకు ఉద్యోగం హుళక్కి. మనది పల్లెల దేశం గనక పల్లెలకు మాత్రం మినహాయింపు. కర్బనం వేరు, పొగ వేరు అని రసాయన శాస్త్రం చెబుతుంది గానీ, మొదటి రోజు నుంచీ ఆఫీసులో అందరూ దాన్ని పొగ అనే అన్నారు. ఆయనా సర్దుకున్నారు.

"ఇన్నాళ్ళకి కోరలున్న చట్టం వచ్చింది రమీజమ్మా" అన్నారాయన ఎదురింటావిడతో.

రమీజాబీ వాకిట్లో కట్టెల పొయ్యి పెట్టి దోసెలు పోసి అమ్ముతుంది. హైమావతి పోయిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే రెండు దోసెలు ఆయన పిట్టగోడ మీద పెట్టి, పైన పళ్ళెం బోర్లించి వెళ్తుంది. ఎందుకని ఆయన అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

"ఎవర్ని కరుస్తుందంట అన్నయ్యా?"

"ఫ్యాక్టరీని."

రమీజాబీ దోసె తిరగేసింది. "ఫ్యాక్టరీ దాకా నడవాలిగా. దారిలో మేముంటాం."

పురపాలక సంఘం ఆయన్ని నిపుణుడిగా సమావేశానికి పిలిచింది. చైర్‌పర్సన్ శేషారత్నం గారు మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ భర్తకు సున్నం బట్టీలున్నాయి. పక్కన కమిషనరు ప్రభంజనరావు. చట్టం వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరికీ నిద్ర లేదని మొహాలే చెబుతున్నాయి. సర్వేలో తేలిందేమిటంటే, గుండ్లమడుగు పొగలో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు ఒక్క ఫ్యాక్టరీదే.

వాసుదేవయ్య గారికి ప్రాణం లేచొచ్చింది. బొగ్గు వాడకం ఎలా తగ్గించవచ్చో, కొలిమిలో వృథాగా పోయే వేడిని మళ్ళీ ఎలా వాడుకోవచ్చో, సున్నపురాయి బదులు కొంత బూడిద ఎలా కలపవచ్చో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పారు. కమిషనరు శ్రద్ధగా విన్నాడు. విని, అద్దాలు తుడుచుకున్నాడు.

"మాస్టారూ, తమరు పొగను తగ్గించే మార్గాలు సెలవిస్తున్నారు. చట్టం మమ్మల్ని అడిగింది అది కాదు. పురపాలక పరిధిలోని పొగను తగ్గించమంది. అక్కడ రెండు మాటలున్నాయి. పొగ ఒకటి, పరిధి ఒకటి. పొగ మన చేతుల్లో లేదు."

"పరిధి?" అన్నారు శేషారత్నం గారు ఆశగా.

"పరిధి మన చేతుల్లోనే ఉంది మేడమ్." కమిషనరు గోడకున్న పటం దగ్గరికి వెళ్ళి, పడమటి సరిహద్దు గీతను వేలితో ఫ్యాక్టరీకి ఇవతలికి జరిపాడు. "ఇప్పుడది చింతకుంట పంచాయతీ. పల్లె. పల్లెకు మినహాయింపు."

"చిమ్నీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది కదండీ" అన్నారు వాసుదేవయ్య గారు.

"ఉండనివ్వండి. దాన్ని కదిలించమని చట్టం అనలేదు."

శేషారత్నం గారు ఆయన వైపు జాలిగా చూశారు. "మాస్టారూ, జైలుకు పోయేది నేనండీ. మీకేం, పాఠం చెప్పి ఇంటికి పోతారు."

మర్నాడు ఊళ్ళో దండోరా వేశారు. ఆటోకు మైకు కట్టి తిప్పితే డీజిలు పొగ లెక్కలోకి వస్తుందని కమిషనరు డప్పు కొట్టించాడు. "ఇందుమూలంగా యావన్మంది పౌరులకు తెలియజేయడమేమనగా, పట్టణ పడమటి భాగమును హరిత విముక్తి గావించడమైనది." సమావేశపు తీర్మానంలో 'నిపుణుల సలహా మేరకు' అని రాసుకున్నారు. నిపుణులంటే వాసుదేవయ్య గారే.

ఆ మూడు నెలలకు గుండ్లమడుగు పదింట తొమ్మిది పాళ్ళ పొగ తగ్గించి రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. శాలువాలు కప్పుకున్నారు. ఆ శాలువాల మీద చింతకుంట పంచాయతీకి చెందిన బూడిద సన్నగా రాలింది. దాన్ని ఎవరూ దులుపుకోలేదు, దులిపితే మన పరిధిలో పడుతుందని.

అయితే చట్టం సంతృప్తి పడే రకం కాదు. మిగిలిన ఒక్క పాలులో మళ్ళీ సగం తగ్గించమంది. ఈసారి సున్నం బట్టీలు, లారీల అడ్డా విముక్తి పొందాయి. బట్టీలు చట్టం చేయి దాటినందుకు శేషారత్నం గారి భర్త వెంకటేశ్వరస్వామికి కళ్యాణం చేయించారు. ఆ తర్వాత బస్టాండు, బేకరీలు, జనరేటరున్న ఆసుపత్రి, శ్మశానం పోయాయి. గుండ్లమడుగు పౌరులు జబ్బుపడదలిస్తే, చావదలిస్తే బయటికి వెళ్ళి ఆ పని చూసుకోవలసిందిగా నోటీసు అంటించారు. దాని తర్వాత ఏ.సి.లు ఎక్కువగా ఉన్నాయని పురపాలక కార్యాలయాన్నే పురపాలక పరిధి నుంచి తప్పించారు. కమిషనరు ఆ తర్వాత ఊరిని పొరుగూరి నుంచి పాలించాడు.

అప్పటికీ లెక్క తేలక ఇళ్ళ మీద పడ్డారు. సగటు కంటే ఎక్కువ పొగ వదిలే ఇళ్ళన్నీ బయటికి. ఎక్కువ వదిలేవాళ్ళు పోయేసరికి సగటు తగ్గింది. సగటు తగ్గేసరికి నిన్నటిదాకా మంచి పౌరులుగా ఉన్నవాళ్ళలో సగంమంది ఎక్కువ వదిలేవాళ్ళయిపోయారు. వాళ్ళూ పోయారు.

పోయిన వీధులకు పోయిందేమిటంటే నీళ్ళు. కాలువ నీళ్ళు పురపాలక గొట్టాల్లో వస్తాయి. పరిధి దాటిన కుళాయిలన్నిటికీ బిరడాలు వేశారు. చింతకుంట పంచాయతీకి గొట్టాలు లేవు, ఒక ట్యాంకరు ఉంది. సర్పంచికి గుర్తొచ్చినప్పుడు వస్తుంది. వచ్చిన రోజున సున్నపు వీధి ఆడవాళ్ళంతా బిందెలతో పరిగెత్తేవాళ్ళు. రమీజాబీ పొయ్యి కట్టెలది గనక ఆవిడ మొదటి విడతలోనే విముక్తి పొందింది. మోకాళ్ళ నొప్పులతో ట్యాంకరు వెంట నడవలేక, సగం రోజులు దోసెల పిండి రుబ్బడమే మానేసింది. రుబ్బిన రోజున మాత్రం ఆ రెండు దోసెలూ పిట్టగోడ మీదికి వచ్చేవి.

ప్రతి సమావేశంలోనూ వాసుదేవయ్య గారు లేచి, ఇది పొగ తగ్గించడం కాదని, ఊరిని తగ్గించడమని, వీధికి నీళ్ళివ్వండని చెబుతూనే ఉన్నారు. ఆయన మెల్లగా మాట్లాడతారు గనక, అది సమర్థనగా నమోదవుతూ వచ్చింది.

అలా తగ్గుతూ తగ్గుతూ ఒకనాటి పొద్దున కమిషనరు పూలదండతో ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. వెనక డప్పు.

"మాస్టారూ, అభినందనలు. మా సర్వేలో తమరి పొగ అత్యల్పంగా తేలింది. ఒంటి మనిషి. ఒక్కపూట వంట. ఎక్కడికైనా నడిచే వెళ్తారు. స్కూటరు కూడా అమ్మేశారు."

"హైమ పోయాక వెనక సీటు ఖాళీగా ఉంటే నడపబుద్ధి కాలేదండీ."

"ఆ భావన పర్యావరణ హితమైనది. ఇకమీదట గుండ్లమడుగు పురపాలక పరిధి అంటే తమరి ఇల్లు. ఈ పిట్టగోడ దాకా. ఏకైక పౌరులు తమరే."

ఆ రోజు నుంచి వాసుదేవయ్య గారికి మహారాజ భోగం పట్టింది. ఊరంతటికీ ఉన్న పారిశుద్ధ్య సిబ్బంది పూటకోసారి ఆయన వాకిలి ఊడ్చారు. ఊడ్చడానికి ఏమీ లేకపోతే గన్నేరు పూలు దులిపి ఊడ్చారు. పన్నుల విభాగం మొత్తం వచ్చి ఆయన ఇంటి పన్ను కట్టించుకుని రసీదు ఇచ్చి ఫొటో దిగింది. కాలువ నీళ్ళన్నీ ఆయన ఒక్క కుళాయికే వదలడంతో అది రాత్రింబవళ్ళు హోరున కారింది. తొట్టి నిండి, పెరడు నిండి, నీళ్ళు పిట్టగోడ దాకా వచ్చి ఆగాయి.

గోడకు అవతల రమీజాబీ ఖాళీ బిందెతో నిలబడి ఉంది.

ఆయన బిందె అందుకోబోయారు. గేటు దగ్గర కాపలా పెట్టిన జక్రయ్య అడ్డొచ్చాడు. "వద్దు మాస్టారూ. పురపాలక నీళ్ళు పరిధి దాటిస్తే కేసంట. నా ఉజ్జోగం పోద్ది."

"పారిపోయే నీళ్ళే కదయ్యా."

"పారిపోతే నేరం లేదండీ. ఎవురన్నా తాగితేనే." జక్రయ్య అటూ ఇటూ చూశాడు. "నేను టీకి పోయొస్తా. మా బజార్లో టీకొట్టు కాస్త దూరం. బిందెలెన్నున్నా ఈలోపు నిండుతయ్."

ఆ తర్వాత జక్రయ్యకు టీ మీద ప్రీతి బాగా పెరిగింది. వీధిలో సగం ఇళ్ళ పొయ్యిలు వెలిగాయి. కానీ ఒక్క పౌరుడు ఇంత నీరెలా వాడుతున్నాడని లెక్కల విభాగానికి అనుమానం వచ్చింది. జక్రయ్యను బదిలీ చేసి, గేటు మీద కెమెరా బిగించారు. కుళాయి కారుతూనే ఉంది. రమీజాబీ మళ్ళీ ట్యాంకరు వెంట నడిచింది.

ఇంతలో కమిషనరుకు ఒక చిక్కు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం గుండ్లమడుగుకు 'శూన్య పొగ' పురస్కారం ప్రకటించింది. దాన్ని పరిధిలో ఓటున్న అధ్యక్షులే అందుకోవాలి. శేషారత్నం గారి ఓటు చింతకుంటకు పోయి చాలా కాలమైంది. ఆవిడ మొదట మండిపడ్డారు. పదవితోపాటు జైలు భయం కూడా పోతుందని భర్త చెవిలో చెప్పగానే శాంతించి రాజీనామా ఇచ్చేశారు.

ఎన్నిక పెట్టారు. ఒకే అభ్యర్థి, ఒకే ఓటరు. నియమావళి ప్రకారం వాసుదేవయ్య గారి ఇంటి మీదున్న వాసుదేవయ్య గారి పేరు పలకకు గుడ్డ కప్పారు, ఓటర్లను ప్రభావితం చేస్తుందని. వరండాలో పోలింగు బూతు, చుట్టూ సాయుధ పోలీసులు. ఆయన వేలికి సిరా చుక్క పెట్టించుకుని తెర చాటుకు వెళ్ళి వచ్చారు. సాయంత్రం దాకా వేచి చూసి, నూటికి నూరు శాతం పోలింగు జరిగిందని ప్రకటించి, ఓట్లు లెక్కించారు.

"ఎవరు గెలిచారన్నయ్యా?" అంది గోడ అవతలి నుంచి రమీజాబీ.

"నేనే."

"నువ్వు నీకే వేసుకున్నావా?"

"ఇంకెవరూ నచ్చలేదు రమీజమ్మా."

ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, ఖాళీ బిందె చంకనెత్తుకుని పోయింది. ఆ బిందె వంక ఆయన చాలాసేపు చూశారు.

కొత్త పాలకవర్గం తొలి సమావేశం ఆయన ముందు గదిలో జరిగింది. ప్రభంజనరావు చాలా ఉల్లాసంగా ఉన్నాడు. "అధ్యక్షా, తదుపరి మూడు నెలల్లో పొగ సగం కావాలి. ఇక మిగిలింది తమరి కాఫీ, తమరి శ్వాస. కాఫీ మానేస్తే కొంత కలిసొస్తుంది. మెట్లెక్కి ఆయాసపడకండి. ఆయాసంలో కర్బనం ఎక్కువట. నిద్ర పొడిగించండి. మిగతాది పురపాలక సంఘం చూసుకుంటుంది."

"నాదొక తీర్మానం ఉందండీ" అన్నారు వాసుదేవయ్య గారు.

"చిత్తం. సభ్యుల సంఖ్య సరిపోయిందా? తమరున్నారు. సరిపోయింది."

"చట్టం వచ్చిననాడు గుండ్లమడుగులో ఏమేం ఉన్నాయో అన్నిటినీ తిరిగి పరిధిలోకి తీసుకుంటున్నాం. ముందు ఫ్యాక్టరీ. తర్వాత బట్టీలు. వీధులన్నిటికీ ఈ సాయంత్రమే నీళ్ళు వదలాలి."

ప్రభంజనరావు కలం కింద పడింది. "అధ్యక్షా, ఇప్పుడు పరిధిలో ఉన్నది తమరి కాఫీ పొగ. దాని పక్కన ఫ్యాక్టరీ పొగ పెడితే లక్ష్యం తప్పడం కాదు, లక్ష్యం కనపడదు. తమరు జైలుకు వెళ్తారు."

"చట్టం ఉన్నదే అందుకు కదండీ. ఫ్యాక్టరీ పరిధిలో ఉంటే దానిక్కూడా నోటీసు ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వండి."

"ఎవరైనా వ్యతిరేకిస్తున్నారా?" అన్నాడు కమిషనరు, నియమం ప్రకారం. ఎవరూ వ్యతిరేకించలేదు. ఆయన ఒక్కరే ఉన్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది.

ఆ సాయంత్రం వీధి కుళాయిల బిరడాలు ఊడాయి. మొదట గాలి, తర్వాత తుప్పు, తర్వాత నీళ్ళు వచ్చాయి. రమీజాబీ పిండి నానబోసింది.

ఫ్యాక్టరీకి నోటీసు వెళ్ళింది. ఫ్యాక్టరీ వారు సాదరంగా అందుకుని, తమ మనుమల కాలానికల్లా పొగను పూర్తిగా మాన్పుతామని జవాబిచ్చారు. అంత దూరదృష్టి ఉన్నందుకు ప్రభుత్వం ఫ్యాక్టరీని మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం ఇచ్చింది.

గడువు దగ్గరపడగానే ప్రభంజనరావుకు గుండెల్లో గుబులుగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. లక్ష్యం తప్పిన రోజున గుండ్లమడుగుకు కమిషనరు లేడు. అధ్యక్షులున్నారు. కోర్టులో మేజిస్ట్రేటు కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"మీ ఇంటి పొగ ఈ రాష్ట్రంలోనే తక్కువని ప్రభుత్వం పురస్కారం ప్రకటించింది. నిజమేనా?"

"నిజమేనండీ."

"మీ పొగ లక్షల రెట్లు పెరిగిందని అదే ప్రభుత్వం కేసు పెట్టింది. అదీ నిజమేనా?"

"అదీ నిజమేనండీ. ఆ పొగ నాది కాదు. కానీ దాన్ని ఎవరూ తమది అనకపోతే మా వీధికి నీళ్ళు రావు."

మేజిస్ట్రేటు నిట్టూర్చాడు. చట్టంలో అలాంటి వాక్యానికి చోటు లేదని చెప్పి, మూడు నెలల శిక్ష వేశాడు. పర్యావరణ మంత్రిగారు ఆ రోజే పత్రికల వారిని పిలిచి, ఈ చట్టం కింద ఇది తొలి శిక్ష అని, పొగ వదిలేవాడు ఎంతటివాడైనా ఈ రాష్ట్రంలో తప్పించుకోలేడని ప్రకటించారు.

జైలు గేటు దగ్గర కానిస్టేబులు కాగితం చూపించాడు. సూపరింటెండెంటు బయటికొచ్చి, కాగితం చదివి, వాసుదేవయ్య గారికి నమస్కారం పెట్టాడు.

"క్షమించాలి మాస్టారూ. గుండ్లమడుగు విజయం చూసి ఈ చట్టాన్ని అన్ని కార్యాలయాలకూ పొడిగించారు. మా జైలు లక్ష్యం నిన్ననే అతి కష్టం మీద అందుకున్నాం. ముప్పైమందిని సత్ప్రవర్తన కింద వదిలేశాం. ఇప్పుడు మీరు లోపలికి వస్తే తప్పిపోతుంది."

"నేను కాఫీ మానేశానండీ."

"మీరు గాలి పీల్చుకోవడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. వదలడమే ఇబ్బంది." సూపరింటెండెంటు లోపలికి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి గేటు బయట నీడలో వేశాడు. "కూర్చోండి. పైవాళ్ళకు రాశాను."

ఆయన కూర్చున్నారు. కుర్చీకి మెత్త కూడా ఉంది. మధ్యాహ్నం రమీజాబీ ఫోను చేసింది.

"ప్రభంజనరావు జబ్బు నయమై వచ్చేశాడన్నయ్యా. వచ్చీ రాగానే ఫ్యాక్టరీని, బట్టీల్ని మళ్ళీ బయటికి నెట్టేశాడు. మొన్న పొగ అంత ఎక్కువుంది గదా, ఇప్పుడు నూటికి తొంభై పాళ్ళు తగ్గిందంట. దేశానికే మొదటి బహుమానం అంటున్నారు."

"మన వీధి?"

"మనజోలికి రాలేదు. ఆ తగ్గింది చాలంట, మళ్ళీ లెక్క దాకా మేం లోపలే. నీళ్ళు పొద్దునా సాయంత్రం వస్తున్నయ్. నా మోకాళ్ళు నీకు దండం పెడుతున్నయ్. నిన్నెప్పుడు వదుల్తారంట?"

"ముందు పట్టుకోవాలి కదమ్మా. లోపలికి రానివ్వడం లేదు."

"మరి అక్కడేం చేస్తున్నావ్, ఇంటికి రాక?"

ఆయన ఫోను చొక్కా జేబులో పెట్టుకుని కానిస్టేబులు వంక చూశారు. కానిస్టేబులు కూడా ఇంటికి పోవాలనే చూస్తున్నాడు.

"పోండి మాస్టారూ. మళ్ళీ లక్ష్యంలో ఖాళీ వచ్చినప్పుడు కబురు పెడతారు. ఆ తీర్పు కాగితం మాత్రం జాగ్రత్తగా ఉంచుకోండి."

వాసుదేవయ్య గారు లేచారు. లేచి, పాఠం మధ్యలో సందేహం వచ్చిన విద్యార్థిలా ఆగారు. "ఒకవేళ ఈ జైలే లక్ష్యం తప్పితే ఎవరికి శిక్ష వేస్తారు?"

"మా సూపరింటెండెంటు గారికి."

"ఆయన్ని ఎక్కడ పెడతారు?"

కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కున్నాడు. జైలు గోడ వంక చూశాడు, గేటు బయటున్న కుర్చీ వంక చూశాడు. అంతలో మలుపు దగ్గర హారను వినిపించడంతో అతని మొహం విచ్చుకుంది.

"అదుగో, మీ బస్సొస్తోంది మాస్టారూ" అన్నాడు.